మాడిన పాల సిఫారసు

మా చెల్లెలి మనవరాలు కీర్తన పోయిన నెలలో తూంకుంటలోని నా ఫ్లాటుకు వచ్చింది. చెప్పులు విప్పుతూ విప్పుతూనే, "అమ్మమ్మా, ఈ చుట్టుపక్కల మంచి లైవ్ మ్యూజిక్ ఎక్కడుంటదో నీకు తెలుసా?" అని అడిగింది. మంచినీళ్ళయినా తాగకుండా ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఆ పిల్ల ఉద్యోగమే అదట. శని, ఆదివారాల్లో నగరంలో ఎక్కడ ఎవరు పాడబోతున్నారో, ఎక్కడికి వెళ్తే బాగుంటుందో ముందే రాసి ఫోన్లలోకి పంపిస్తారట. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ సంగతులు వాళ్ళకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. మేడ్చల్, శామీర్‌పేట వైపు మాత్రం రిసార్టుల్లో డీజేలు తప్ప రాయడానికి ఏమీ దొరకడం లేదట. "లోకల్‌ది, అసలైనది ఏదైనా పట్టుకురా" అని పై ఆవిడ వెంట పడుతోందట. నేను నవ్వాను. పిల్ల మూతి ముడుచుకుంది.

"ఎందుకు నవ్వుతున్నవ్?"

"మీ ముత్తాత చేసిన పనే నువ్వు చేస్తున్నవ్ బిడ్డా. నీకు ఫోనున్నది, ఆయనకు పాలగిన్నె ఉండె. గంతే."

మా బాపుకు శామీర్‌పేట చౌరస్తాలో చాయ్ హోటల్ ఉండేది. హోటల్ అనగానే ఈ కాలం పిల్లలు ఏవేవో ఊహించుకుంటారు. నాలుగు గుంజలు, పైన రేకులు, రెండు బల్లలు, ఒక కట్టెల పొయ్యి, అంతే. దాని వెనకే మా ఇల్లు. పొద్దున కళ్ళు తెరవకముందే పొయ్యి పొగ ముక్కుకు తగిలేది. ఆ వెంటనే అమ్మ అల్లం దంచే వాసన, ఆ తర్వాత నేల తుడిచిన గోనెసంచి ముతక వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తడి గోనె వాసన వస్తే నాకు బడికి ఆలస్యమవుతున్నట్టు భయం వేస్తుంది. బాపు తలకు తువ్వాల చుట్టుకుని పొయ్యి దగ్గర నిలబడేవాడు. మాటలు బాగా తక్కువ. గిరాకీతో కూడా తలతోనే మాట్లాడేవాడు. ఆయన మాట్లాడాల్సిన మాటలన్నీ మా అమ్మే మాట్లాడేసేదని మా ఇంట్లో హాస్యానికి అనుకునేవాళ్ళం.

కరీంనగర్ రోడ్డు మీద వచ్చే బస్సులన్నీ అక్కడ ఆగేవి. ఆటవాళ్ళు, భజనవాళ్ళు, కథలు చెప్పేవాళ్ళు డోళ్ళు, హార్మోనియం పెట్టెలు, తంబూరలు బస్సు పైన వేసుకుని వచ్చి మా ముందే దిగేవారు. మేడ్చల్ దిక్కు ఊళ్ళకు పోవాలన్నా, కీసర దిక్కు పోవాలన్నా అక్కడి నుంచి ఎడ్లబండో, కాళ్ళో. బయల్దేరే ముందు చాయ్ తాగాలి. అక్కడ ఒక రివాజు ఉండేది, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఏ మేళం దిగినా ముందు మా హోటల్ ఎదుట నిలబడి ఒక్క పల్లవి పాడాలి, ఆ తర్వాతే చాయ్. బాపు గరిటె చేతిలో పట్టుకుని వినేవాడు. పాట మామూలుదైతే పాలు పొంగే వేళకు ఆయన చెయ్యి దానంతటదే తిరిగేది, పొంగు దిగిపోయేది. పాట బాగుంటే మాత్రం బాపు ఈ లోకంలో ఉండేవాడు కాదు. పాలు పొంగి, గిన్నె అంచు దాటి, నిప్పుల్లో పడి బుస్సుమని మాడిపోయేవి. ఆ మాడిన వాసనే మా ఊరికి సిఫారసు.

వెనక వాడలో బియ్యం చెరుగుతున్న ఆడవాళ్ళు చేటలు ఆపి గాలిని ఎగబీల్చేవారు. "సత్తయ్య పాలు మాడగొట్టిండే! ఎవరొచ్చిన్రో, ఏ ఊరికి పోతున్రో అడిగి రాండ్రి!" అని ఒకరినొకరు పిలుచుకునేవారు. మా పక్కనే ఖాజా చాచా సైకిళ్ళ దుకాణం. పంక్చరుకు వచ్చినవాడికీ, గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడికీ ఆయన గాలితోపాటు కబురు కూడా కొట్టి పంపేవాడు. "సత్తయ్య కా దూద్ జల్ గయా మియా! జల్దీ పోండ్రి, మస్తు ఉంటది." పొద్దుగూకేసరికి చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ తెలిసిపోయేది. ఎవరైనా మా బాపునే నేరుగా "ఎట్లున్నది సత్తయ్యా మేళం?" అని అడిగితే, ఆయన నల్లగా మాడిన గిన్నె అంచు చూపించి ఊరుకునేవాడు. అమ్మ మాత్రం ఊరుకునేది కాదు. "నీ పాట పాడుగాను! పాలన్నీ పొయ్యికే తాపితివి, ఇగ గిరాకీకి నా తలకాయ పొయ్యాల్నా?" అని గిన్నె తోముతూ తిట్టేది. తిడుతూనే, సాయంత్రం కట్టుకోవడానికి మంచి చీర తీసి దండెం మీద వేసేది.

మగవాళ్ళకు ఆ వాసనతో పెద్ద పని లేదు. బాగున్నా బాగుండకున్నా వాళ్ళు వెళ్ళి, నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేవారు. ఆడవాళ్ళ సంగతి వేరు. పొద్దంతా నాట్లు వేసి, వంట చేసి, పిల్లలను చంకనేసుకుని పక్క ఊరికి నడిచి వెళ్ళి నిద్ర పోగొట్టుకోవాలంటే, ఆ పాట ఆ కష్టానికి తగినదై ఉండాలి. పైగా ఇంట్లో అత్తను అడగాలి. "పాలు మాడినయట అత్తా" అంటే చాలు, ఏ అత్తా కాదనేది కాదు, ఎందుకంటే ముందు ఆమెకే పోవాలని ఉండేది. మా బాపు ముక్కూ మొహం చూడని ఆడవాళ్ళు కూడా ఆయన మాట నమ్మి ఇల్లు కదిలేవారు. ఇంత నమ్మకం నా టీచరు ఉద్యోగంలో ఏ ఒక్కరోజూ నేను సంపాదించలేదు.

ఆ నమ్మకం ఒకసారి బెడిసికొట్టింది. అప్పుడు నేను పెద్దబడిలో చదువుతున్నాను. ఎక్కడి నుంచో ఒక నాటకమేళం దిగింది. హార్మోనియం ఆయన మెరిసే కోటు వేసుకున్నాడు. పల్లవి పాడారు, పాలు పొంగాయి, మాడాయి, వాసన ఊరంతా పాకింది. బండ్లు కట్టుకుని జనం పోయారు. మర్నాడు పొద్దున మా హోటల్ ముందు పంచాయితీలాగా చేరారు. అంత ఘోరమైన ఆట పుట్టి బుద్ధెరిగాక చూడలేదన్నారు. రాజుకు మాటలు గుర్తులేవట, రాణి మీసం రంగు కింద నుంచి కనబడిందట. "ఏంది సత్తయ్యా, గా మేళానికా పాలు పొంగిచ్చినవ్? మా బర్రె అంతకన్న మంచిగ అరుస్తది" అని ఒక రైతు అన్నాడు. "రాజు పాడుతుంటె ఊరి కుక్కలన్నీ జవాబు చెప్పినయ్ భాయ్" అని ఖాజా చాచా అందరినీ నవ్వించాడు. అందరూ నవ్వుతున్నారు కానీ బాపు నవ్వలేదు. వాళ్ళ మూతుల వైపు ఒక్కొక్కటిగా చూస్తూ నిలబడ్డాడు.

అది మా అమ్మ కనిపెట్టింది. జనం వెళ్ళిపోయాక వెనక నుంచి "ఓ అయ్యా" అని పిలిచింది. ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచింది. చివరికి చేతిలోని ఇత్తడి చెంబును కావాలనే బండ మీద వదిలింది. ఆ చప్పుడుకు చాచా దుకాణంలోంచి బయటికి వచ్చి చూశాడు. బాపు మాత్రం కప్పులు కడుగుతూనే ఉన్నాడు. అమ్మ వెళ్ళి ఆయన ఎదుట నిలబడి, వినబడటం లేదా అన్నట్టు తన చెవి పట్టుకుని చూపించింది. అప్పుడు ఆయన కప్పు కింద పెట్టి, బల్ల మీద కూర్చుని, తన బతుకులోకెల్లా పొడవైన మాట మాట్లాడాడు.

"మస్తు రోజులాయె. మీ మాటలు మూతి సూసి పట్టుకుంటున్న. నిన్న గాళ్ళు పాడుతుంటె ఎట్లన్న ఇందామని బగ్గ తిప్పలు పడ్డ. ఇంత ముక్క ఇనపడలే. గా పరేషాన్ల పాలు మర్సిన."

అమ్మ ఆ రోజు తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఊరికి తెలిసిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. బర్రె గురించి అన్న రైతే వచ్చి బాపు చెయ్యి పట్టుకుని కూర్చుని వెళ్ళాడు. కానీ ఆ తర్వాత మా పాలు పొంగలేదు. మేళాలు దిగేవి, రివాజు ప్రకారం పాడేవి, బాపు గరిటె తిప్పుతూనే ఉండేవాడు. ఎవరు పాడినా ఒకటే తిప్పడం. గోడ అవతల ఆడవాళ్ళు కాసేపు ముక్కులు ఎగబీల్చి, చేటలు అందుకునేవారు. ఏ కథ ఎక్కడ జరిగినా, బాగుంటుందో ఉండదో, మనకెందుకులే అనుకుని ఇంట్లోనే ఉండిపోయేవారు. రేడియో వచ్చింది, మేడ్చల్‌లో సినిమా వచ్చింది, అవన్నీ కారణాలే. అయినా ఆ జనం ఆగిపోవడం మా బాపు చెవుల దగ్గరే మొదలైందని నా మనసులో గట్టిగా ఉంది. ఎవరైనా కాదంటే వాదిస్తాను.

బాలమణి వచ్చింది ఆ రోజుల్లోనే. నాకంటే కాస్త పెద్ద పిల్ల. వాళ్ళ నాయిన తంబూర భుజాన వేసుకుని కథ చెప్తుంటే, పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడేది. గుమ్మెట అంటే కుండలా ఉండే చిన్న మట్టి డోలు. వాళ్ళ నాయిన పల్లవి పాడాడు, బాపు గరిటె తిరుగుతోంది. బాలమణి పాట ఆపి, బాపు చూపు తన పెదవుల మీదే ఉండటం చూసింది. "ఇనపడదా పెద్దయ్యా?" అని అడిగింది. బాపు తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల ఏమాత్రం జంకకుండా వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, నాయిన తంబూర బుర్ర మీద ఆనించి, దానికి దగ్గరగా వంగి పాడింది. అన్నలు చెల్లెను అడవిలో విడిచి వస్తే, ఆ చెల్లె దారిని అడిగే పాట. "ఎవరి కాళ్ళకు పుట్టినవే దారీ, నన్నెవరింటికి తోల్తవే" అని. బాపు ముందు చేతిని వెనక్కి లాక్కోబోయాడు. తర్వాత రెండో చెయ్యి కూడా ఆనించాడు. పాలు పైకి లేచాయి. అమ్మ పొయ్యి పక్కనే, మసిగుడ్డ చేతిలో పట్టుకునే ఉంది. ఒక్క క్షణంలో గిన్నె దించేయగలదు. దించలేదు. పాలు పొంగి, అంచు దాటి, నిప్పుల్లో మాడాయి, అమ్మ చూస్తూ నిలబడింది. చాచా చేతిలోని ట్యూబు పడేసి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గోడ అవతల ఎవరో ఆడమనిషి కేక పెట్టింది.

ఆ సాయంత్రం కథకు కూర్చోవడానికి చోటు లేదు. అమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. బాపు తంబూర పక్కనే కూర్చుని, తెల్లారిందాకా కదల్లేదని అందరూ చెప్పుకున్నారు. నేనైతే మధ్యలోనే నిద్రపోయాను.

ఇదంతా విని కీర్తన, "ఆమె ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. ఎక్కడుందో నాకు తెలుసు. కీసర దగ్గర, ప్లాట్ల మధ్య మిగిలిపోయిన రెండు గదుల ఇంట్లో. మర్నాడే వెళ్ళాం. బాలమణికి పళ్ళు లేవు, నడుము వంగింది, గొంతు మాత్రం వంగలేదు. పక్కన ఆమె మరదలు లక్ష్మి ఉంది. నాయిన పోయాక తంబూర బాలమణి భుజానికి వచ్చింది, గుమ్మెట లక్ష్మి చేతికి వెళ్ళింది. వాళ్ళిద్దరే మిగిలిన మేళం.

"ఆదివారం ఒకల ఇంటి ముంగట కథ ఉన్నది" అన్నది బాలమణి. "ఎల్లమ్మ పండుగ జేస్తున్నరు. లక్ష్మికి విల్లాలల్ల ఊడ్సే పని దొరికింది. గిదొక్కటి సూస్తనంటది. జనం కూసుంటె ఉంటదట, లేకుంటె పనికి పోతదట. నేనేం తప్పు పట్ట. వంత లేకుంట కథెట్ల జెప్తనే? ఒక్కదాన్నే చెప్పుకుంటె ఎర్రిదాన్లెక్క ఉంటది."

లక్ష్మి నేల చూస్తూ, "ఎవలు ఇంటలేరు వదినా. ఎవలికని వాయించాలె?" అన్నది. కీర్తన ఆమె పక్కన కూర్చుని, "నేను రాస్తా పెద్దమ్మా, జనం వస్తరు" అని మాట ఇచ్చింది. నాకూ ఆశ పుట్టింది. సిగ్గులేకుండా పుట్టింది. మా బాపు పని ఈ పిల్ల చేతిలో మళ్ళీ లేచి నిలబడుతుందని ఆ సాయంత్రం నిజంగా నమ్మాను.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. పార్కింగ్ లేదు, టికెట్టు లేదు, మంచి ఫోటో లేదు కాబట్టి వేయలేమన్నారట. "ఎంతసేపు ఉంటుందని మేడం అడిగింది అమ్మమ్మా. తెల్లారిందాక అని చెప్పిన. నవ్వింది" అని చెప్పింది కీర్తన. ఆ వారం శామీర్‌పేట చెరువు వైపు రిసార్టులో డీజే గురించే రాయించారు. పిల్ల ఊరుకోకుండా తన దోస్తులందరికీ సొంతంగా పంపింది. "మస్తుమంది గుండె బొమ్మలు కొట్టిన్రు, చూద్దాం" అన్నది.

ఆదివారం మేము ముందుగానే చేరాం. ఇల్లుగలాయన భూములున్న మనిషి, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు, ఊళ్ళో పెద్దమనిషి. మంచిగానే పలకరించాడు. "కూసోండ్రి మేడం, తిని పోవాలె" అన్నాడు. టెంటు వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒక ట్రాక్టర్ మీద మనిషెత్తు డబ్బాలు పేర్చి డీజేకు సిద్ధం చేశారు. కథ వినడానికి జనం వస్తారా అని అడిగితే ఆయన ఆశ్చర్యపోయాడు. "కథ జనానికెందుకు మేడం? అమ్మవారికి చెప్పాలె, చెప్పిస్తున్నం. అమ్మవారు ఇంటది, సాలు గద." ఆయన వెటకారంగా అనలేదు. అదే నాకు మరింత బాధ కలిగించింది. వెటకారమైతే పోట్లాడేదాన్ని.

భోజనాల వేళ కుర్చీలన్నీ నిండాయి, చేతులు కడుక్కోగానే ఖాళీ అయ్యాయి. బాలమణి తంబూర సవరించుకుంది. ఎదురుగా నేను, కీర్తన, ఆ ఇంటి ముసలమ్మ ఒకామె. ఆమె కూడా కాసేపటికే కునుకు తీసింది. కీర్తన మొదట్లో రోడ్డు వైపు చూస్తూ ఉంది, తర్వాత ఫోన్ వైపు. ఎవరో "దూరం, నెక్స్ట్ టైం పక్కా" అని పంపారు. ఆ తర్వాత ఆమె దేనివైపూ చూడలేదు. అప్పుడే బాలమణి చెల్లె దారిని అడిగే చోటుకు వచ్చింది. "ఎవరి కాళ్ళకు పుట్టినవే దారీ" అని ఎత్తుకుంటే, ఇన్నేళ్ళకు, ఆ ఖాళీ కుర్చీల ముందు, నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. పక్కన కీర్తన కళ్ళు తుడుచుకుంటూ, "దీన్ని నేనెట్ల రాయాలె అమ్మమ్మా?" అని చెవిలో అడిగింది.

అంతలో ట్రాక్టర్ దగ్గరి నుంచి ఎవరో చెయ్యి ఊపారు, ఇక ముగించమని. పొద్దుండగానే డీజే మొదలుపెట్టాలట, ఊరేగింపు ఉందట. బాలమణి ఒక్కసారి అటు చూసింది. తెల్లారిందాకా అడవిలో తిరగాల్సిన ఆ చెల్లెను రెండు మాటల్లో ఇంటికి చేర్చేసి, హారతి పాట అందుకుంది. మా బాపు, మా అమ్మ, ఆ వాడలోని ఆడవాళ్ళందరూ ఆ పిల్ల ఇల్లు చేరుతుందా లేదా అని తెల్లారిందాకా ఎదురుచూసి ఏడ్చారు. ఇప్పుడామె ఇల్లు చేరింది కూడా ఎవరికీ తెలియలేదు.

లక్ష్మి గుమ్మెట తాడు విప్పి, పాత చీరగుడ్డలో చుట్టి, బాలమణి ఒడిలో పెట్టింది. "రేపటి సంది పనికి పోతున్న వదినా."

"పో" అన్నది బాలమణి. ఆ మూటను పక్కన పెట్టి, "అన్నం తిని పో" అన్నది. డబ్బాలు మోగడం మొదలయ్యాక వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు.

కీర్తన అటు నుంచి అటే సిటీకి వెళ్ళిపోయింది. నేను ఆటోలో తూంకుంట చేరాను. కాళ్ళు లాగుతున్నాయి, చాయ్ తాగితే బాగుండనిపించి పొయ్యి మీద పాలు పెట్టాను. నేను మా అమ్మ బిడ్డను, నా చేతుల మీద పాలు పొంగడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. గరిటె చేతిలోనే ఉంది. ఆ పాట చెవుల్లో తిరుగుతోంది. దారిని అడిగే చోట ఆమె గొంతు కాస్త చీలింది, ఆ చీలిక దగ్గరే నా మనసు ఆగిపోయినట్టుంది. బుస్సుమన్న చప్పుడుకు చూస్తే పాలు గిన్నె దాటి స్టవ్వు మీద నల్లగా మాడుతున్నాయి. కట్టేయడానికి చెయ్యి రాలేదు. బాపు తర్వాత ఆ వాసన నా ఇంట్లో రావడం అదే మొదలు. వంటింట్లోంచి హాల్లోకి, తలుపు కిందనుంచి వరండాలోకి పోయింది. ఎన్ని తలుపులున్నాయో ఆ వరండాలో. ఒక్క తలుపైనా తెరుచుకుని, ఎవరొచ్చారు, ఎక్కడ పాడుతున్నారు అని అడుగుతారేమోనని పిచ్చిదానిలా నిలబడి చూశాను.

బెల్లు మోగింది. ఎదురు ఫ్లాటు అమ్మాయి. "ఆంటీ, ఏదో మాడుతున్న వాసన వస్తోంది, అంతా ఓకేనా?" అని కంగారుగా అడిగింది.

"పాలమ్మా" అన్నాను.

"అంతేనా ఆంటీ, భయపడ్డాను. చిమ్నీ వేస్తే పోతుంది" అని తానే లోపలికి వచ్చి, స్టవ్వు కట్టేసి, చిమ్నీ బటన్ నొక్కి వెళ్ళింది. మంచి పిల్ల. ఆమె చెప్పినట్టే కాసేపట్లో వాసన పోయింది.